ఐసీ-7300 క్లబ్బు సెట్టు: బ్యాటరీ మీద ఆగిపోతోంది, 40లో గొంతు చెడుతోంది, 20లో ట్యూనర్ పట్టట్లేదు

కోట_షాక్, విజయనగరం

అందరికీ నమస్కారం. మా హామ్ రేడియో క్లబ్బులో ఐకామ్ ఐసీ-7300 అనే రేడియో సెట్టు ఉంది. మేడ మీద 9 మీటర్ల జీఐ గొట్టం, దాని కొసన 40 మీటర్ల బ్యాండుకి కట్టిన ఇన్వర్టెడ్ వీ (తలకిందుల వీ ఆకారపు తీగ యాంటెనా). కిందికి 25 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్. కేబుల్ నేరుగా తీగలకి సోల్డర్ చేసి ఉంది, బాలన్ (కేబుల్ బయటి అల్లిక మీదికి కరెంటు దిగకుండా ఆపేది) లేదు. కరెంటు ఉన్నంతసేపు 30 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని డీసీగా మార్చే పెట్టె) మీద, పోతే 100 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుపుతున్నాం. బ్యాటరీ వరండాలో ఉంది. సెట్టుతో వచ్చిన డీసీ కేబుల్ అక్కడిదాకా అందక, దానికి 1.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు 3 మీటర్లు మెలిపెట్టి అతికించారు.

సమస్యలు ఇవి. ఎస్‌ఎంపీఎస్ మీద 100 వాట్లు బాగానే వస్తాయి. బ్యాటరీ మీద మాత్రం గట్టిగా మాట్లాడగానే సెట్టు ఆగిపోయి మళ్లీ లేస్తుంది. 40 మీటర్ల బ్యాండులో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి ఎంత పవర్ వెనక్కొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 1.3 చూపిస్తోంది, అయినా అవతలివాళ్లు గొంతు గరగరలాడుతోందని, మాట చివర విరుగుతోందని రిపోర్టు ఇస్తున్నారు. 20 మీటర్ల బ్యాండుకి మారిస్తే లోపలి ట్యూనర్ (యాంటెనాని సెట్టుకి సరిపెట్టేది) కాసేపు టకటకలాడి వదిలేస్తుంది. సాయంత్రం అయితే 40లో రొద సిగ్నల్ మీటరు మీద ఎస్7 దాకా లేస్తుంది.

ఇంకొకటి, ఈ సెట్టు మీద చాలా చేతులు పడతాయి. ఒకరు ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ మోడ్) చేసి లేచాక ఇంకొకరు కూర్చుని మైకులో మాట్లాడితే ఒక్కోసారి పవర్ మీటరు కదలదు. లైసెన్సు రాని పిల్లలు కూడా వినడానికి వస్తారు, వాళ్ల చెయ్యి పీటీటీ (నొక్కి మాట్లాడే మీట) మీద పడుతుందేమోనని భయం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లు లేదో మీ అందరికీ తెలుసు. మళ్లీ తుపాన్ల కాలం వచ్చేలోపు ఈ సెట్టు బ్యాటరీ మీద నమ్మకంగా పలకాలి. ముందు ఏది సరిచెయ్యాలి? కొత్తవాళ్ల కోసం గోడకి అంటించే పద్ధతి ఎలా ఉండాలి?

నాగావళి_తీరం, శ్రీకాకుళం

ముందు డీసీ చూడండి, మిగతావి తర్వాత. మీ సెట్టుకి రోగం లేదు, మీరు అతికించిన వైరుకే ఉంది.

లెక్క చూడండి. 1.5 స్క్వేర్ రాగి వైరుకి మీటరుకి 12 మిల్లీ ఓములు చిల్లర. 3 మీటర్లంటే పోనూ రానూ 6 మీటర్లు, అంటే దాదాపు 73 మిల్లీ ఓములు. 100 వాట్ల దగ్గర ఈ సెట్టు 20 ఆంపియర్ల పైనే లాగుతుంది. అంటే ఆ వైరులోనే దగ్గర దగ్గర వోల్టున్నర పోతుంది. సెట్టు సొంత కేబుల్, ఫ్యూజు హోల్డర్లు, ఆ మెలిపెట్టిన అతుకు కలిసి ఇంకో 0.4 దాకా తింటాయి. నిండా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించినా 20 ఆంపియర్లు లాగితే 12.2కి దిగుతుంది. సెట్టు వెనకాల మిగిలేది 10.3. ఐసీ-7300కి కావాల్సింది 13.8, అటూ ఇటూ 15 శాతం. అంటే అడుగు హద్దు 11.7. మరి ఆగిపోదా!

దీన్ని సెట్టే చూపిస్తుంది. తెర మీద మీటరుని వేలితో ఒక సెకను నొక్కి పట్టుకుంటే అన్ని మీటర్లూ ఒకేసారి వస్తాయి. అందులో వీడీ అన్నది ఫైనల్ ట్రాన్సిస్టర్ల వోల్టేజీ. యాంటెనా తీసేసి 50 ఓముల డమ్మీ లోడు (యాంటెనా బదులు పవర్‌ని వేడిగా మార్చేసే రెసిస్టరు) పెట్టండి. ఆగకుండా ఒకే పవర్ వెళ్లే ఆర్‌టీటీవై మోడ్‌లో 20 వాట్లతో మొదలెట్టి పీటీటీ అయిదు సెకన్లు నొక్కి వీడీ చూడండి, తర్వాత 50, తర్వాత 100. పవర్ పెంచేకొద్దీ ఎంత కుంగుతోందో అక్కడే తెలిసిపోతుంది. మల్టీమీటరు ఉంటే అదే సమయంలో బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరా కొలవండి. ఆ రెండిటి తేడాయే మీ వైర్ల నష్టం.

ఆ ముక్క తీసేసి 6 స్క్వేర్ వెయ్యండి. నష్టం 0.4 లోపుకి వస్తుంది. 10 స్క్వేర్ అయితే 0.2. మెలిపెట్టొద్దు, లగ్గులు క్రింప్ చెయ్యండి. బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపే 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఇప్పుడు ఫ్యూజు సెట్టు కేబుల్లోనే ఉంది కదా, అంటే వరండా నుంచి గది దాకా ఉన్న వైరుకి రక్షణే లేదు. ఎక్కడైనా తలుపు కింద నలిగి షార్టయితే బ్యాటరీ వందల ఆంపియర్లు పోస్తుంది, వైరు కాలిపోతుంది.

ఇంతా చేసినా 100 వాట్లకి లెడ్ యాసిడ్ చాలదు. 6 స్క్వేర్‌తో లెక్క కట్టినా 11.4 దగ్గరే ఆగుతుంది. అందుకని బ్యాటరీ మీద ఉన్నప్పుడు 50 వాట్లే అని రాసి పెట్టండి. సగం పవర్ అంటే 3 డెసిబెల్స్, అవతల ఎస్ మీటరు మీద అర గీత తేడా. దాని కోసం సెట్టుని చంపుకోవడం దండగ. కొత్త బ్యాటరీ కొనే ఆలోచన ఉంటే నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కొనండి, అది లోడు మీద కూడా 13 చుట్టూ నిలబడుతుంది.

సెట్టు బ్యాటరీ మీద ఉన్నంతసేపు ఇన్వర్టర్ పూర్తిగా ఆపండి. ఆన్‌లో ఉంటే దాని రొదంతా అదే వైరు గుండా రిసీవర్లోకి వస్తుంది.

రాగి_తీగ

నాగావళి గారి లెక్కకి నేను కలపాల్సింది లేదు. యాంటెనా సంగతి చెప్తాను.

40లో గొంతు విరగడానికి రెండు కారణాల్లో ఏదో ఒకటి: ఆడియో ఎక్కువ తోలడం, లేదా ఆర్‌ఎఫ్ (సెట్టు పంపే రేడియో శక్తి) వెనక్కి గదిలోకి రావడం. విడదీయడం సులువు. డమ్మీ లోడు మీద 100 వాట్లతో మాట్లాడి పక్కనే ఇంకో రిసీవర్లో యాంటెనా లేకుండా వినండి. అక్కడా గరగర ఉంటే మైక్ గెయిన్, కంప్రెసర్ చూసుకోవాలి. డమ్మీ లోడు మీద శుభ్రంగా ఉండి, యాంటెనా మీద 100 దగ్గర చెడి, 20 వాట్లకి తగ్గిస్తే బాగుపడితే అది ఆర్‌ఎఫే. మీ అమరిక చూస్తే రెండోదే అని నాకు గట్టి అనుమానం. బాలన్ లేని డైపోల్లో (మీ వీలాగా రెండు వైపులా తీగలున్న యాంటెనాలో) కోయాక్స్ పై అల్లిక మూడో తీగ అయిపోతుంది. దాని బయటి ముఖం మీద కరెంటు దిగి నేరుగా సెట్టు బాడీకి, మైకు వైరుకి, యూఎస్‌బీ వైరుకి చేరుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 ఉన్నా ఇది ఆగదు, ఆ రెండూ వేరు వేరు విషయాలు.

మందు: ఫీడు పాయింటు (కేబుల్ తీగలని కలిసే చోటు) దగ్గరే చోక్, అంటే అల్లిక బయటి కరెంటుని ఆపే చుట్ట. 2.4 అంగుళాల 31 మిక్స్ (పదార్థం రకం) ఫెర్రైట్ టొరాయిడ్ (ఉంగరం) మీద అదే ఆర్‌జీ-58ని 12 చుట్లు చుట్టండి. 43 మిక్స్ దొరికినా పనికొస్తుంది. పీవీసీ జంక్షన్ బాక్సులో పెట్టి, అడుగున నీరు కారడానికి చిన్న రంధ్రం వదలండి. గదిలో యూఎస్‌బీ వైరుకి, మైకు వైరుకి క్లిప్ ఫెర్రైట్లు వెయ్యండి, కానీ అవి అసలు మందుకి బదులు కావు.

పనిలో పనిగా మీ కోయాక్స్‌ని కూడా అనుమానించండి. తీగలకి నేరుగా సోల్డర్ చేసిన చోట నీరు అల్లిక వెంబడి లోపలికి పాకుతుంది. మన తీరపు ఉప్పుగాలికి రాగి నల్లబడుతుంది. అప్పుడు వింత ఏమిటంటే ఎస్‌డబ్ల్యూఆర్ ఇంకా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే తిరిగొచ్చే పవర్‌ని కూడా కేబులే తినేస్తుంది. పరీక్షకి యాంటెనా కొసని విప్పి ఖాళీగా వదిలి, కింది కొసన నానోవీఎన్‌ఏ (యాంటెనాలు కొలిచే చిన్న పరికరం) పెట్టి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి. సెట్టుతో చెయ్యొద్దు, అది ఖాళీ కేబుల్లోకి ట్రాన్స్‌మిట్ చేసినట్టవుతుంది. 25 మీటర్ల మంచి ఆర్‌జీ-58కి నష్టం సుమారు 1 డెసిబెల్, అంటే రిటర్న్ లాస్ (వెళ్లి తిరిగొచ్చేసరికి తగ్గేది) 2 చుట్టూ, ఎస్‌డబ్ల్యూఆర్ 8, 9 రావాలి. 3 వచ్చిందంటే రిటర్న్ లాస్ 6, ఒక వైపు నష్టం 3. సగం పవర్ దారిలోనే పోతోందన్నమాట. ఆ కేబుల్ పారేసి ఆర్‌జీ-213 వెయ్యండి. అతుకు మీద ముందు సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు సాగదీసి చుట్టి, దాని మీద ఎండ తగలకుండా మామూలు పీవీసీ టేపు. పీవీసీ టేపు ఒక్కటే చుడితే ఒక వానాకాలానికే జిగురు వదిలేస్తుంది.

20 సంగతి. 40కి కట్టిన అర తరంగం డైపోల్ 20లో పూర్తి తరంగం అవుతుంది, మధ్యలో ఇంపెడెన్సు వేల ఓముల్లోకి వెళ్తుంది. ఈ సెట్టు లోపలి ట్యూనర్ 16.7 నుంచి 150 ఓముల దాకా, అంటే 3:1 వరకే సర్దగలదు. అది వదిలెయ్యడం సరైన పనే, మళ్లీ మళ్లీ నొక్కి రిలేలు అరగదీయకండి. 15లో మాత్రం అదే తీగ మూడు అర తరంగాలుగా పని చేస్తుంది, అక్కడ ట్యూనర్ పట్టుకోవాలి. 20 కావాలంటే అదే ఫీడు పాయింటు నుంచి ఇంకో జత తీగలు కట్టండి. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో మొత్తం పొడవు: 14.15కి 10.1, ఒక్కో వైపు 5.05. కానీ పక్కన 40 తీగ ఉన్నప్పుడు లెక్క కాస్త మారుతుంది కాబట్టి 5.30తో మొదలెట్టి కత్తిరించండి. కొసలు 40 తీగ కొసలకి వీలైనంత దూరంగా, వేరే దిక్కుకి లాగి కట్టండి.

ఇంకొక మాట. ఇన్వర్టెడ్ వీ కొసలు మేడ మీద మనిషి చేతికి అందే ఎత్తులో ఉంటే వెంటనే పైకి లేపండి. 100 వాట్ల దగ్గర కొసన వందల వోల్టుల ఆర్‌ఎఫ్ ఉంటుంది, బట్టలు ఆరేసే వాళ్ల చెయ్యి కాలుతుంది. రెండు వైపుల మధ్య కోణం 90 డిగ్రీల కంటే తగ్గనివ్వకండి.

కోట_షాక్, విజయనగరం

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. వీడీ చూశాం: బ్యాటరీ మీద 20 వాట్ల దగ్గరే బాగా కుంగుతోంది, 100కి పోకముందే ఆగిపోయింది. వైరు మారుస్తున్నాం. డమ్మీ లోడు మీద గొంతు శుభ్రంగా ఉంది, అంటే రాగి_తీగ గారు అన్నట్టు ఆర్‌ఎఫే. చోక్‌కి టొరాయిడ్ తెప్పిస్తున్నాం. ఇప్పుడు చాలా చేతుల సమస్యకి ఎవరైనా దారి చెప్పండి.

డయల్_దగ్గర

ఈ సెట్టులో క్లబ్బులకి అక్కరకొచ్చే ఏర్పాట్లు చాలా ఉన్నాయి, ఎక్కువమంది ఆ మెనూ తెరవరు.

మొదటిది, హద్దు. అమెరికా వాళ్ల కోసం తయారైన సెట్లు 40లో 7.300 మెగాహెర్ట్జ్ దాకా ట్రాన్స్‌మిట్ చేస్తాయి. మనకి 7.000 నుంచి 7.200 వరకే. మెనూ, సెట్, ఫంక్షన్‌లోకి వెళ్లి బ్యాండ్ ఎడ్జ్ బీప్‌ని యూజర్, టీఎక్స్ లిమిట్ రెండూ ఉన్న ఎంపికకి మార్చండి. ఆ తర్వాత యూజర్ బ్యాండ్ ఎడ్జ్‌లో మీ లైసెన్సులో ఉన్న హద్దులే రాయండి: 40కి 7.000-7.200, 20కి 14.000-14.350. ఇక హద్దు దాటిన చోట పీటీటీ నొక్కినా పవర్ వెళ్లదు. అయితే డయల్ అంకె లోపల ఉంటే మాటంతా లోపల ఉన్నట్టు కాదు. 20లో మోడ్ యూఎస్‌బీ (పై సైడ్‌బ్యాండ్, కంప్యూటర్ వైరు కాదు) కాబట్టి గొంతు డయల్ పైకి 3 కిలోహెర్ట్జ్ పరుచుకుంటుంది, 14.347 దాటి మాట్లాడకూడదు. 40లో ఎల్‌ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్), అక్కడ కిందికి పరుచుకుంటుంది.

రెండోది, వినేవాళ్లు. అదే ఫంక్షన్ పట్టీలో పీటీటీ లాక్ ఉంది. లైసెన్సు లేనివాళ్లు కూర్చునే వేళ అది ఆన్ చేసి మైకు కూడా విప్పి బీరువాలో పెట్టండి. పక్కన ఎంత అనుభవం ఉన్నవాళ్లు నిలబడినా లైసెన్సు లేని చేతికి పీటీటీ ఇవ్వొద్దు. ఆ పిల్లల చేత సరళ్ సంచార్ పోర్టల్లో లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టించండి. వినడం వల్ల వచ్చే చెవి సాధన తర్వాత చాలా పనికొస్తుంది.

మూడోది, ఎఫ్‌టీ8 తర్వాత మైకు పలకకపోవడం. కనెక్టర్స్ మెనూలో డేటా మాడ్‌ని (డేటా మోడ్‌లో శబ్దం ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పేది) కంప్యూటర్ యూఎస్‌బీ వైరుకి పెట్టి ఉంటారు. అది సరైనదే. కానీ ఆపరేటర్ లేచేటప్పుడు మోడ్ యూఎస్‌బీ-డీ (పై సైడ్‌బ్యాండ్ డేటా) లోనే వదిలేస్తే, తర్వాతివాళ్లు మైకు పీటీటీ నొక్కినా సెట్టు కంప్యూటర్ శబ్దం కోసమే చూస్తుంది, మైకుని పట్టించుకోదు. కంప్యూటర్లో ఏదైనా పాట మోగుతుంటే అదే గాల్లోకి పోతుంది, అది ఇంకా పెద్ద తప్పు. అందుకని విండోస్ శబ్దాలు ఈ సెట్టు సౌండ్ కార్డుకి వెళ్లకుండా స్పీకర్లకి మళ్లించండి. తెర మీద మోడ్ పేరు పక్కన డీ అక్షరం ఉందా లేదా అన్నది మైకు ముట్టుకునే ముందు చూడాలి. గోడ మీది కాగితంలో ఇది పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఎఫ్‌టీ8లో పవర్ 30, 40 వాట్లు చాలు. అది 13 సెకన్ల పాటు ఆగకుండా పూర్తి క్యారియర్, మాటలా మధ్యలో ఊపిరి తీసుకోదు. మన వేసవిలో ఫ్యాను లేని గదిలో సెట్టు వేడెక్కిపోతుంది. ఏఎల్‌సీ మీటరు (ఆడియో ఎక్కువైతే పైకి లేచేది) అసలు కదలకూడదు, కదిలితే కంప్యూటర్ వాల్యూమ్ తగ్గించండి. తుపానులో ఇంటర్నెట్ పోతే కంప్యూటర్ గడియారం జరుగుతుంది. ఒక సెకను పైన తేడా వస్తే డీకోడ్ కావడం తగ్గిపోతుంది. అప్పటికి ఒక యూఎస్‌బీ జీపీఎస్ ఉంచుకోండి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అంతా సరిగ్గా సర్దాక ఒక ఎస్‌డీ కార్డుని ఈ సెట్టులోనే ఫార్మాట్ చేసి, మెనూ, సెట్, ఎస్‌డీ కార్డ్, సేవ్ సెట్టింగ్ చెయ్యండి. ఎవరు ఏమి కెలికినా లోడ్ సెట్టింగ్‌తో రెండు నిమిషాల్లో మీ పాత స్థితి వచ్చేస్తుంది. మార్చినవాళ్ల మీద కోపం తెచ్చుకునే పని ఉండదు, కొత్తవాళ్లు భయం లేకుండా మీటలన్నీ నొక్కి నేర్చుకోవచ్చు.

కాగితం మీద రాయాల్సిన క్రమం నా ఉద్దేశంలో ఇలా ఉండాలి. కూర్చోగానే యాంటెనా కనెక్టరు బిగిసి ఉందో లేదో చేత్తో చూడాలి, తర్వాత డీసీ సప్లై, ఆ తర్వాత సెట్టు. బ్యాండు, మోడ్, పవర్ చదవాలి. పవర్, మైక్ గెయిన్ రెండూ మల్టీ నాబ్ నొక్కితే వస్తాయి. ఫ్రీక్వెన్సీ మీద నిమిషం పాటు విని, ఖాళీగా ఉందా అని కాల్‌సైన్‌తో (లైసెన్సుతో వచ్చిన గుర్తు పేరు) అడగాలి. ట్యూనర్ కావాలంటే ఎవరూ లేని చోటికి ఒకటి రెండు కిలోహెర్ట్జ్ జరిగి ట్యూనర్ మీట ఒక సెకను నొక్కి పట్టుకోవాలి. ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటితే ఆగి ఎవరినైనా పిలవాలి, పవర్ పెంచకూడదు. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరం, మామూలు గొంతు. మాట మీద ఏఎల్‌సీ సూది తన గీత లోపల సగం దగ్గర ఊగితే సరిపోయినట్టు. కంప్రెసర్ మొదట్లో ఆఫ్‌లోనే ఉంచండి, అది ఫ్యాను హోరుని కూడా పైకి లేపుతుంది. లాగ్‌లో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, మోడ్, పవర్, అవతలి కాల్‌సైన్, ఆపరేటర్ కాల్‌సైన్. సమయం యూటీసీలోనే రాయాలి, అంటే మన గడియారంలో అయిదున్నర గంటలు తీసెయ్యాలి. లేచేటప్పుడు యాంటెనా కేబుల్, డీసీ కేబుల్ రెండూ విప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండగా ఉన్నా సాయంత్రానికి పిడుగులు పడతాయి కదా, మబ్బు చూసి పరిగెత్తే పద్ధతి పెట్టుకోవద్దు.

నాగావళి_తీరం, శ్రీకాకుళం

సాయంత్రం ఎస్7 రొద గురించి ఎవరూ చెప్పలేదు. సెట్టుని బ్యాటరీ మీద పెట్టి, బిల్డింగు మెయిన్ ఆపి చూడండి. రొద పడిపోతే అది మీ ఇంట్లోదే. బ్రేకర్లు ఒక్కొక్కటే వేస్తూ పోతే ఎల్‌ఈడీ బల్బో, ఛార్జరో, మీ ఎస్‌ఎంపీఎస్సో దొరికిపోతుంది. పడకపోతే బయటిది. చిన్న ఏఎం ట్రాన్సిస్టర్ పట్టుకుని వీధిలో నడవండి. ఎండాకాలం ఉప్పూ దుమ్మూ పట్టిన 11 కేవీ ఇన్సులేటర్లు బుసబుసమంటాయి, ఒక మంచి వాన పడగానే తగ్గిపోతాయి. వాన తర్వాత తగ్గిందంటే అదేనని గుర్తు, స్తంభం నంబరు రాసుకుని కరెంటాఫీసులో ఇవ్వండి. మిగిలేది ఉరుముల శబ్దం, దాన్ని ఎవరూ ఆపలేరు. 40లో ప్రీయాంప్ ఆఫ్‌లో ఉంచండి. తెర మీద ఓవీఎఫ్ (సిగ్నల్ మరీ ఎక్కువైందని గుర్తు) అని వస్తుంటే ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించండి, ఇంకా వస్తే అటెన్యుయేటర్ వెయ్యండి. రొద కూడా తగ్గుతుంది, మాట మాత్రం తేలి వినబడుతుంది.

తుపాను మాట ఎత్తారు కాబట్టి ఇంకొకటి. పగలు 40లో విజయవాడ, హైదరాబాదు బాగా దొరుకుతాయి. మీ వీ తక్కువ ఎత్తులో ఉండటం ఇక్కడ మంచిదే, సిగ్నల్ నిటారుగా పైకెళ్లి దగ్గరి ఊళ్ల మీద పడుతుంది. రాత్రి పొద్దుపోయేకొద్దీ దగ్గరి ఊళ్లు మాయమై దూరం దేశాలు వినిపిస్తాయి. అప్పుడు 80 కావాలి. 3.6కి మొత్తం 39.7 మీటర్ల తీగ, మేడ మీద చోటు చాలకపోతే పక్క చెట్టుకి లాగండి. మన రీజియన్ 3లో (హామ్ రేడియోకి ఆసియా, పసిఫిక్ ప్రాంతం) అత్యవసర కార్యకలాపాలకి అనుకున్న కేంద్ర ఫ్రీక్వెన్సీలు 3.600, 7.110, 14.300 మెగాహెర్ట్జ్. ఈ మూడూ సెట్టు మెమరీలో మొదటి మూడు ఛానెళ్లుగా పెట్టండి. మోడ్ కూడా కలిపి పెట్టండి: మొదటి రెండూ ఎల్‌ఎస్‌బీ, మూడోది యూఎస్‌బీ.

కోట_షాక్, విజయనగరం

6 స్క్వేర్ వేశాం, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాం. 50 వాట్ల దగ్గర సెట్టు ఆగట్లేదు. 20 తీగలు 5.30తో కట్టి నానోవీఎన్‌ఏతో చూస్తే డిప్ (ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా తక్కువయ్యే చోటు) 13.60 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. ఎంత కత్తిరించాలి?

రాగి_తీగ

5.30ని 13.60తో గుణించి 14.15తో భాగించండి, 5.09 వస్తుంది. అంటే ఒక్కో వైపు 20 సెంటీమీటర్లు. కానీ ఒకేసారి కొయ్యొద్దు. ముందు 12 కొయ్యండి, చూడండి, మిగతాది కొయ్యకుండా వెనక్కి మడిచి తీగకే బిగుతుగా చుట్టండి. సరిపోయాక అలాగే సోల్డర్ చేసేయొచ్చు. రెండు వైపులా సమానంగానే చెయ్యాలి. అది అయ్యాక 40 మళ్లీ కొలవండి, అక్కడ డిప్ కాస్త జరిగి ఉంటుంది.